కుళ్ళని పీలిక

చెట్టుకు నైలాను కట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఇది నేను చాటుగా అనుకునే మాట కాదు, మా ఊరి కెన్నా ఊట దగ్గరకు వచ్చిన ప్రతివాళ్ళ మొహం మీదే అన్న మాట. ఊళ్ళో నాకు 'గుడ్డల పోలీసు' అని పేరు పెట్టారు. పెట్టుకోనివ్వండి, నాకేం నష్టం లేదు.

మా ఆచారం చాలా చిన్నది. ఒంట్లో బాగోలేని మనిషి కట్టి విడిచిన బట్టలోంచి ఒక పీలిక చించాలి. దాన్ని ఊటలో తడిపి, పక్కనే ఉన్న హాథార్న్ అనే ముళ్ళచెట్టు కొమ్మకు కట్టి, నోరు మూసుకుని ఇంటికి పోవాలి. వానకు తడిసి ఎండకు ఎండి ఆ గుడ్డ కుళ్ళుతుంటే, జబ్బు కూడా దానితోపాటే కొంచెం కొంచెంగా పోతుంది. కాటన్ కుళ్ళుతుంది, ఊలు కుళ్ళుతుంది, నారబట్ట కుళ్ళుతుంది. పాలిస్టరు ఎందుకు కుళ్ళుతుంది? మనం పోయినా అది ఉంటుంది. పైగా కొమ్మ లావెక్కే కొద్దీ ముడి బిగుసుకుని బెరడులోకి దిగిపోతుంది. ఆరోగ్యం ఇమ్మని ఊట దేవతను అడగడానికి వచ్చి, ఆవిడ చెట్టుకే ఉరి వేసి పోవడం ఏం భక్తి? వేసవిలో బయటినుంచి వచ్చేవాళ్ళను మా కార్న్‌వాల్‌లో చీమలంటాం. ఆ చీమలు కట్టనిది లేదు. బూటు లేసులు, ముక్కుకు కట్టుకునే మాస్కులు, ఒకసారి ఏకంగా బ్రా!

అందుకే ఏటా మే పండుగకు ముందు వచ్చే ఆదివారం పొద్దున చెట్టును శుభ్రం చేస్తాం. 'మేం' అంటే ఈ చుట్టుపక్కల ఊళ్ళలో, చర్చికి పోకుండా పాతకాలం పద్ధతిలో చెట్టునూ నీటినీ కొలిచే పేగన్లం. పెద్ద గుంపేమీ కాదు. ఈసారి వచ్చింది నేనూ, డిగరీ పాస్కో అనే పెద్దాయనా, జిల్లా అనే అమ్మాయీ మాత్రమే. డిగరీ ఉత్తరాలు పంచి పంచి రిటైరైన ముసలాయన. ఆయనకు ప్రతిదానికీ మంత్రం ఉండాలి. నాలుగు దిక్కులకూ తిరిగి, పాత కార్నిష్ భాషలో ఎలుగెత్తి పిలిస్తే తప్ప దేవతలు లేవరని ఆయన నమ్మకం. జిల్లా బ్రిస్టల్ నుంచి వచ్చి ఇక్కడ కుండలు చేసుకుంటూ ఉండిపోయిన పిల్ల. దానికి దేవుళ్ళూ లేరు, దేవతలూ లేరు. బూట్లు విప్పి, చెట్టుకు వీపు ఆనించి, కళ్ళు మూసుకుంటే అదే పూజ. నేనైతే ఊట అంచున ఇంత రొట్టె పెట్టి, ఇన్ని పాలు పోసి, ఊట దేవత కెన్నమ్మను నాలుగు మాటలు పలకరించి వచ్చేస్తాను. ఎవరి గొడవ వాళ్ళది. దేవుడి సంగతిలో మా ముగ్గురికీ ఒక్క మాట మీద ఎప్పుడూ కుదరలేదు. నైలాను సంగతిలో మాత్రం మాది ఒకే మాట.

కాకపోతే ఒక చిక్కుంది. కట్టిన పీలికను కుళ్ళకముందే ఎవరు విప్పితే, అందులోని జబ్బు వాళ్ళకు పట్టుకుంటుందని పెద్దవాళ్ళు చెప్పేవారు. దానికీ ఎవరి విరుగుడు వాళ్ళకుంది. డిగరీ మంత్రం చదువుతాడు. జిల్లా ప్రతి పీలికకూ క్షమాపణ చెప్పుకుంటుంది. నా విరుగుడు తోటపని గ్లవ్స్. "పట్టుకునేదే అయితే ఈపాటికి లోకంలో ఉన్న రోగాలన్నీ నాకే ఉండాలి" అని నవ్వుతూ ఎన్ని పీలికలు కత్తిరించానో లెక్కే లేదు.

ఆ ఆదివారం కూడా అలాగే నవ్వుతూ కత్తిరిస్తున్నాను. చెట్టు వెనకవైపునుంచి జిల్లా కేకేసింది.

"ఆంటీ! ఒకసారి ఇటు రా. ఎవరో మహానుభావులు పీక పిసికినట్టు కట్టారు. పక్కా పాలిస్టరు. కొమ్మ చూడు, పాపం."

వెళ్ళి చూశాను. లేతాకుపచ్చ మీద చిన్న చిన్న తెల్లపూలు.

అది నేను కట్టిందే. నా చెల్లెలు కెర్రా చొక్కా అంచు. కిందటేడు మే పండుగ దాటిన కొత్తలో దాని రొమ్ములో గడ్డ ఉందని తేలినప్పుడు, వణుకుతూ, ఏడుస్తూ, వానలో వచ్చి నా చేతులతో కట్టి, మళ్ళీ ఆ వెనకవైపుకు పోలేదు. అప్పుడెంత కొత్తగా ఉందో ఇప్పుడూ అంతే కొత్తగా ఉంది. ఒక్క పోగు చెదరలేదు. కాటన్ గుడ్డయితే చేత్తో లాగితే చిరుగుతుంది, అంచున పోగులు వేలాడతాయి. దీని అంచు కత్తెరతో కోసినట్టు నున్నగా ఉంది. వేలితో ముట్టుకుంటే చాలు, ఏ గుడ్డో చెప్పేస్తానని ఊరంతా డప్పు కొట్టుకునేదాన్ని. ఆ రోజు నా వేళ్ళూ కళ్ళూ ఎక్కడికి పోయాయో!

జిల్లా కత్తెర తెరిచింది.

"ముట్టుకోకు!" అని అరిచాను. చెట్టు మీద కాకులు ఎగిరిపోయాయి. జిల్లా బిక్కచచ్చి నిలబడింది.

"అదీ... అది ఊలు" అన్నాను.

డిగరీ వచ్చాడు. కళ్ళజోడు పైకి నెట్టి, పీలికను వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "ఊలా? ఇన్ని పూలున్న గొర్రెను ఎక్కడ చూశావమ్మాయ్? నాకూ చూపించు, ఒకటి పెంచుకుంటా."

జిల్లా కిసుక్కుమంది. ఆయన ఒక పోగు లాగి లైటరు వెలిగించాడు. పోగు ముడుచుకుపోయి నల్లటి పూసలా గట్టిపడింది. కాటన్ అయితే బూడిదయ్యేది. ఆయన నవ్వుతూ నా వైపు తిరిగాడు, నా మొహం చూసి నవ్వు ఆపేశాడు.

"ఎవరిది?" అన్నాడు మెల్లగా.

"కెర్రాది. నేనే కట్టాను."

కెర్రా సంగతి వాళ్ళకు తెలుసు. ఆపరేషన్ అయింది, మందులు ఎక్కించడం అయింది, రాలిన జుట్టు పిల్లకోడి ఈకల్లా మళ్ళీ వస్తోంది. స్కాన్ తీశారు. జబ్బు పోయిందో ఉందో రేపు సోమవారం పొద్దున పెద్దాసుపత్రిలో చెబుతారు. ఆ రేపటి మాట కోసమే నేను ఇన్నాళ్ళూ పాలు పోశాను, రొట్టె పెట్టాను.

ఇప్పుడేం చెయ్యాలి? గుడ్డ కుళ్ళలేదు. అంటే జబ్బు పోలేదనా? మరి కెర్రా కోలుకుంటోంది కదా, మెట్లెక్కుతోంది కదా, నన్ను తిట్టేంత ఓపిక వచ్చింది కదా! పోనీ కుళ్ళకపోయినా పని చేసిందనుకుందామా? అలాగైతే ఇన్నేళ్ళుగా నేను నలుగురికీ చెప్పిన నీతులన్నీ ఉత్తవే. విప్పితే రేపు డాక్టరు ఏం చెబుతాడో! విప్పకపోతే ఈ కొమ్మ గతి? ముడికి ఇవతల చెట్టంతా చిగురించి మొగ్గ తొడిగింది. ముడికి అవతల ఆ ఒక్క కొమ్మ మాత్రం బోసిగా ఉంది.

"విప్పి చెట్టు మొదట్లో పాతిపెట్టు అమ్మాయ్. నేను మంత్రం చదువుతా" అన్నాడు డిగరీ.

"పాలిస్టరు నేలలో పాతిపెడతావా తాతా! ఊట నీళ్ళు ఏం కావాలి?" అంది జిల్లా.

"అయితే కాల్చు."

"కాలిస్తే ఆ పొగ ఎవరు పీలుస్తారు?"

"పోనీ ఈ ఏటికి వదిలెయ్యండి."

"వదిలేస్తే కొమ్మ చస్తుంది!"

"నీకు ఏదీ పనికిరాదు. మరి నువ్వు చెప్పు, ఏం చెయ్యాలో."

జిల్లా చెట్టును తడిమింది. "చెట్టునే అడుగుదాం" అంది.

"అది నోరు తెరిచి చెప్పేదే అయితే నాకెందుకే ఈ తిప్పలు?" అని కసిరాను. పాపం, తప్పు దానిది కాదు.

గ్లవ్స్ సరిచేసుకున్నాను. కత్తెర పట్టుకున్నాను. చెయ్యి పీలిక దాకా వెళ్ళింది, అక్కడినుంచి ముందుకు పోనంది. ఎందుకు పోలేదో అక్కడే నిలబడి ఆలోచించాను. ఎవరి తల్లివో, ఎవరి బిడ్డవో, ఇన్ని పీలికలు కసక్కున కత్తిరించి గోనెసంచిలో పారేశాను. అప్పుడు రాని భయం ఇప్పుడు ఎందుకొచ్చింది? కెర్రాకేమైనా అవుతుందనా? నాకు పట్టుకుంటుందనా? నిజం చెప్పొద్దూ, రెండోది కూడా ఉంది. ఆ సంగతి తెలిసేసరికి నా మీద నాకే అసహ్యం వేసింది.

"నేను వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకండి" అని చెప్పి కారెక్కాను.

కెర్రా ఇల్లు న్యూలిన్ రేవు వెనక సందులో. బేకరీలో పని చేసేది, ఇంకా పనిలోకి వెళ్ళడం లేదు. అది చర్చికీ పోదు, చెట్టు దగ్గరకూ రాదు. నన్ను చూస్తే "ఏం అక్కా, మీ చెట్టమ్మ కులాసానా?" అని వెక్కిరించడమే దానికి సరదా. తలుపు తీసి ఉంది. వంటగదిలో ఇస్త్రీ చేసుకుంటోంది. పొయ్యి పక్కన కుంకుమపువ్వు వేసిన బన్నులు ఆరుతున్నాయి.

"రావే అక్కా. బన్ను తింటావా? ఎండుద్రాక్ష ఎక్కువ పడింది ఈసారి."

నేను బన్నులు చూడలేదు. ఇస్త్రీ బల్ల మీద ఉన్న చొక్కా చూశాను. లేతాకుపచ్చ. తెల్లపూలు. కింద అంచు లేదు.

"అదేమిటే? పారేశానన్నావుగా!"

"పారేశాననే అన్నాను. రేపటికి ఇదే."

"రేపటికా?"

"ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ ఇదే వేసుకున్నాను, స్వెటర్ కింద. ఒక్కసారి మర్చిపోయి వేరేది వేసుకెళ్తే, సగం దారిలో బస్సు దిగి ఇంటికొచ్చి మార్చుకుని మళ్ళీ వెళ్ళాను. నువ్వు నవ్వుతావని చెప్పలేదు."

దేనికీ చెయ్యెత్తి మొక్కని నా చెల్లెలు ఇన్నాళ్ళూ ఇంట్లో కూర్చుని తన పూజ తను చేసుకుందన్నమాట. నవ్వు రాలేదు నాకు. ఏం వచ్చిందో నాకే తెలియలేదు.

"కెర్రా, అది పాలిస్టరే."

"అవును."

"నీకు తెలుసా?"

"ఇస్త్రీ చేసేదాన్ని, నాకు తెలీదా?"

"మరి కాటన్ అని ఎందుకు చెప్పావే? పదిసార్లు అడిగానే! కాటనేనా, కాటనేనా అని!"

కెర్రా ఇస్త్రీపెట్టె నిలబెట్టి స్విచ్ తీసేసింది.

"ఆ రోజు నేను డాక్టరు దగ్గరనుంచి అప్పుడే వచ్చాను. నువ్వు పరిగెత్తుకొచ్చావు. నీ బట్ట ఒకటియ్యి, చెట్టుకు కడతాను, కుళ్ళిపోతుంది, కుళ్ళితేనే మంచిది అన్నావు. నీకేం, నీకు అలవాటైన మాట. నాకు ఆ మాట వినబుద్ధి కాలేదు అక్కా. నాది ఏదీ కుళ్ళడం నాకు ఇష్టం లేదు. గుడ్డముక్కైనా సరే. అందుకని బీరువా అంతా వెతికి, కుళ్ళనిది చూసి మరీ కోసిచ్చాను."

ఎన్నో ఏళ్ళుగా 'కుళ్ళాలి, కుళ్ళాలి' అని ఆ చెట్టు కింద నిలబడి ఉపన్యాసాలిచ్చాను. వినే మనిషికి ఎలా ఉంటుందో ఒక్కనాడూ తట్టలేదు. కూర్చుండిపోయాను. కూర్చుని అంతా చెప్పేశాను: బోసిపోయిన కొమ్మ, విప్పినవాళ్ళకు పట్టుకుంటుందన్న మాట, డిగరీ పూడ్చమనడం, జిల్లా వద్దనడం, నా చెయ్యి ఆగిపోవడం. నాకు పట్టుకుంటుందని కూడా భయమేసిందని చెప్పాను. అది చెప్పేటప్పుడు బల్ల వైపు చూస్తూ చెప్పాను.

కెర్రా నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కోటు అందుకుంది.

"పద" అంది.

"ఎక్కడికే?"

"మీ చెట్టమ్మ దగ్గరికి. నాది నేనే తెచ్చుకుంటా. నా జబ్బు నాకే పట్టుకుంటే కొత్తగా పోయేదేముంది?"

మేం వెళ్ళేసరికి డిగరీ, జిల్లా గట్టు మీద కూర్చుని ఫ్లాస్కులో టీ పంచుకుంటూ ఇంకా వాదించుకుంటున్నారు. కెర్రాను చూసి గబుక్కున లేచి పక్కకు తప్పుకున్నారు. డిగరీ టోపీ తీశాడు.

కెర్రా ఆ కొమ్మ దగ్గరకు వెళ్ళి చాలాసేపు చూసింది. ముడి చుట్టూ బెరడు ఉబ్బిపోయి ఉంది.

"అయ్యో, దీన్ని ఇంత పని చేశానా?" అంది. చెట్టుతోనే అంది. నాతో కాదు.

పీలిక పట్టుకుని ముడి వెతకడం మొదలుపెట్టింది. వేళ్ళు ముడి మీదనుంచి జారిపోతున్నాయి. మందులు ఎక్కించినప్పటినుంచి దాని వేలికొసలకు స్పర్శ లేదు. చొక్కా బొత్తాలు కూడా అద్దంలో చూసి పెట్టుకుంటుంది. ఒక ముల్లు గుచ్చుకుని రక్తం వచ్చినా దానికి తెలియలేదు.

"ముడి ఎక్కడుందో కూడా తెలీడం లేదక్కా" అంది. ఆ గొంతులో ఇందాకటి పొగరు లేదు.

నేను గ్లవ్స్ తీసేశాను. అంత సన్నటి ముడి గ్లవ్స్‌తో దొరకదు. ఎవరైనా అడిగితే ఆ కారణమే చెబుతాను. కత్తెరతో కోస్తే సగం బెరడులోనే ఉండిపోతుందని గోళ్ళతో విప్పాను. ముల్లు నన్నూ వదలలేదు. డిగరీ మంత్రమేమీ చదవలేదు. ఆయన నోరు మూసుకుని ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి. చివరికి పీలిక ఊడి నా చేతిలోకి వచ్చింది. కొమ్మ మీద గాడి లోతుగా మిగిలిపోయింది. అది మళ్ళీ చిగురిస్తుందో లేదో చెప్పలేను.

"ఇప్పుడీ జబ్బు ఎవరిది?" అని అడిగింది కెర్రా.

"నేను విప్పాను. నాది."

"మీ కెన్నమ్మ చెప్పిందా అలా అని?"

"ఆవిడేం చెప్పిందో నాకు తెలీదే. ఈ పీలిక కుళ్ళకపోవడం మంచిదో కాదో తెలీదు. విప్పడం మంచిదో కాదో తెలీదు. నువ్వు అడిగినా, రేపు డాక్టరు అడిగినా, నాకేం తెలీదు." వాళ్ళ ముగ్గురి ముందు ఈ మాట నా నోట రావడం నాకే వింతగా ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపు నాకు నప్పదు, ముక్కు ఎర్రగా కమిలిపోతుంది.

"ఏయ్, ముక్కు తుడుచుకో" అంది కెర్రా. "ఆ కత్తెర తియ్యి."

"ఎందుకు?"

"నువ్వు కొయ్యి. నేను ఏరుకుంటా."

నాకు వెంటనే అర్థమయింది. మా చిన్నప్పుడు అమ్మ ఇద్దరికీ కలిపి ఒకే కుంకుమపువ్వు బన్ను ఇచ్చేది. పెద్దది కొయ్యాలి, చిన్నది ఏరుకోవాలి, అదీ మా ఇంట్లో చట్టం. నేను ఎంత సమంగా కోసినా కెర్రా రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి, వేలితో కొలిచి, వెంట్రుకవాసి పెద్దదున్నా అదే లాక్కునేది. నేను లబోదిబోమనేదాన్ని.

వద్దనలేదు. కత్తెర తీసి పీలికను కోశాను. సమంగా కోయలేదు, కావాలనే కోయలేదు. పెద్ద ముక్కను ఉండలా చుట్టేశాను. చిన్నదాన్ని బారుగా, పెద్దదానిలా కనిపించేలా పరిచాను. రెండూ అరచేతిలో పెట్టి చెయ్యి చాపాను.

కెర్రా నా మొహంలోకి చూసింది. తర్వాత ఆ ఉండను తీసుకుని, స్పర్శలేని వేళ్ళతో నిదానంగా విప్పి, రెండో ముక్క పక్కన పెట్టి కొలిచింది.

"ఇన్నేళ్ళొచ్చినా నీకు మోసం చెయ్యడం రాలేదక్కా" అంది. పెద్దది తన కోటు జేబులో వేసుకుంది.